తెర మబ్బు

మబ్బులక్క పరిశీలనకు బయటికి రాగానే ఆకాశం వైపు చూడదు. గదిలోంచి వచ్చిన కళ్లు వెలుతురుకి అలవాటు పడేదాకా కింద గడ్డిని చూస్తూ, పెదవుల మీదే వంద లెక్కపెట్టుకుంటుంది. వంద అయ్యాక తల ఎత్తుతుంది. మొదట తూర్పు, తర్వాత దక్షిణం, పడమర, ఉత్తరం, చివరికి నడినెత్తి. ఆ తర్వాత ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది వంతులు చేసి, ఉన్న మబ్బునంతా ఒక పక్కకి ఊడ్చినట్టు ఊహించుకుని, అది ఎన్ని వంతుల్లో పడుతుందో చూస్తుంది. ఇరవై ఏడేళ్లుగా ఇంతే. ఆ లెక్క వేసేటప్పుడు ఆవిడ ముఖం నిద్రలో నవ్వే పసిపిల్ల ముఖంలా ఉంటుందని వాతావరణ కేంద్రంలో అందరూ అనుకుంటారు. ఆవిడతో మాత్రం అనరు.

ఆ రోజు తూర్పున, బాగా కింద, నాలుగైదు దూది మబ్బులు ఉన్నాయి. నేల వేడెక్కితే గాలి పైకి లేస్తుంది, లేచినకొద్దీ చల్లబడుతుంది, చల్లబడిన చోట అందులోని తేమ చుక్కలు కడుతుంది. అంతే, మబ్బు. అన్నిటికీ అడుగు ఒకే ఎత్తులో ఉంటుంది, ఒకే అరుగు మీద కూర్చున్న పిల్లల్లా. వాటిపైన ఇంకేమీ లేదనుకుంటారు చూడ్డం రానివాళ్లు. మబ్బులక్కకి కనబడుతోంది. చాలా పైన, నీటిచుక్క నిలవలేక మంచు పలుకైపోయే ఎత్తులో, ఆకాశం మొత్తాన్నీ కప్పి పలచటి తెల్లదనం ఒకటి ఉంది. ఎండ కాస్తోంది, నీడలూ పడుతున్నాయి, కానీ నీలం మాత్రం నీలంగా లేదు. సూర్యుడి వైపు ఓరగా చూస్తే చుట్టూ లేత వలయం. వరదగుడి కట్టిందంటారే, అదే. ఇలాంటి గుడిని కట్టేది తెర మబ్బు ఒక్కటే. దూది మబ్బు ఒక వంతు, తెర మబ్బు ఎనిమిదికి ఎనిమిది అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది.

ఏడు నెలలుగా ఆకాశం ఆవిడకి ఇలాగే కనబడుతోంది. అది ఆవిడకి నచ్చింది కూడా. చెట్ల కొసలు, మిద్దెల అంచులు, దూరంగా నడిచిపోయేవాళ్ల భుజాలు, అన్నీ వెలుగులో నానబెట్టినట్టు మెత్తగా ఉండేవి. పొద్దున్నే ఆ గడ్డి మీద నిలబడితే కలలోంచి ఇంకా ఒక కాలు బయటపెట్టనట్టే ఉండేది. వయసు పైబడినకొద్దీ లోకం కాస్త దయగా మారుతుందేమోనని అనుకుని సంతోషపడింది.

తెల్ల చెక్క పెట్టె తలుపు తీసి, ఊపిరి బిగబట్టి, పొడి థర్మామీటరునీ తడి గుడ్డ చుట్టిన థర్మామీటరునీ చదివింది. ఊపిరి సోకితే పాదరసం కదులుతుంది. ఈమధ్య చదవడానికి చిన్న భూతద్దం వాడుతోంది, గీతలు మరీ సన్నగా గీస్తున్నారని తయారుచేసేవాళ్లని తిట్టుకుంటూ. ఆ థర్మామీటరు పదకొండేళ్ల నాటిది.

లోపలికి రాగానే ఆఫీసరు పిలిపించాడు. ఆవిడకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడు. ఏ మబ్బు ఏదో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు కాబట్టి, ఆవిడ గదిలోకి వస్తే ఇప్పటికీ కుర్చీలోంచి సగం లేస్తాడు. పూర్తిగా లేవడానికి హోదా ఒప్పుకోదు. పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందని చెప్పి ఆవిడ ముందు పెట్టాడు. మీ కేంద్రంలో రోజూ పొద్దున పదకొండున్నరకి ఆకాశం నిండా తెర మబ్బు ఉంటోంది, మధ్యాహ్నం రెండున్నరకి మచ్చుకైనా ఉండటం లేదు, డ్యూటీ మారే వేళ చూసుకుని వెళ్లిపోయే మబ్బు ఎక్కడైనా ఉంటుందా, ఇద్దరిలో ఒకరు ఆకాశం చూడకుండా రాస్తున్నారు, ఎవరో తేల్చి చెప్పండి అని దాని సారాంశం. ఉపగ్రహం పంపే బొమ్మల్లో అంత పలచటి మబ్బు అన్నిసార్లూ తేలదు. తేల్చాల్సింది మనిషి కళ్లే.

ఎవరి కళ్లు అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు. అత్త చేసిన పనికి ఆరళ్లు లేవు. పొద్దున డ్యూటీ మబ్బులక్కది, మధ్యాహ్నం డ్యూటీ కొత్తాయనది. కాబట్టి ఆఫీసరు ఒక పట్టిక కూడా తయారుచేసి పెట్టాడు. ఎడమ వైపు ఆవిడ రాసినవి, కుడి వైపు ఆయన రాసినవి, కింద “నా పరిశీలనలు సరైనవి” అన్న ఒక్క వాక్యం, దాని కింద సంతకానికి చోటు. ఎల్లుండి సాయంత్రంలోగా ఆవిడ సంతకం పెడితే కొత్తాయన పరిశీలకుడి సర్టిఫికెట్టు రద్దవుతుంది. ఆయన్ని స్టోరుకి పంపిస్తారు, ఇక జన్మలో ఏ కేంద్రంలోనూ రిజిస్టరు ముట్టుకోనివ్వరు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది ఆయన వ్యవహారమని, చెప్పి చెప్పి విసిగిపోయానని ఆఫీసరు నిట్టూర్చాడు.

మబ్బులక్కకి అందులో అన్యాయమేమీ కనబడలేదు. ఆకాశాన్ని చూడకుండా రాసేవాడు ఆవిడ దృష్టిలో అన్నంలో ఇసుక కలిపేవాడితో సమానం. అయితే లెక్క సరిచూడకుండా దేనికిందా సంతకం పెట్టే అలవాటు లేదు. పట్టికని మడిచి సంచిలో పెట్టుకుని, రేపు పాత రిజిస్టర్లతో పోల్చుకుని పెడతానంది.

కొత్తాయన ఆ కేంద్రానికి వచ్చి రెండేళ్లు దాటింది. నలభై ఏళ్ల మనిషి, కణతల దగ్గర జుట్టు నెరిసింది, అయినా కొత్తాయనే. ఈ ఏడు నెలల్లో ఇంకో పేరు కూడా వచ్చింది. కుర్చీ. ఆ పేరు రావడానికి కారణం మబ్బులక్కే. ఒకరోజు డ్యూటీ మారే వేళ ఆయన, తనకి తెర మబ్బు కనబడటం లేదని, ఎక్కడుందో కాస్త చూపించమని అడిగాడు. టీ తాగుతున్న నలుగురి ముందూ ఆవిడ, కుర్చీలో కూర్చుంటే ఆకాశం కనబడదు నాయనా అంది. అందరూ నవ్వారు. ఆవిడ మాట అక్కడ అచ్చు వేసిన మాట. ఆ రోజు నుంచి ఆయన పరిశీలనకు ముందు ఇరవై నిమిషాలు బయటే నిలబడేవాడు, మెడ పట్టేసేదాకా. లోపలికి వచ్చి మళ్లీ సున్నా అనే రాసేవాడు.

ఆ మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి మబ్బులక్క రిజిస్టరు అప్పగించకుండా ఎదురుగా కూర్చుంది. ఉత్తరం సంగతి ఆయనకి అప్పటికే తెలుసు. తప్పు ఒప్పుకుని ఒక కాగితం రాసిస్తే స్టోరుకి పోకుండా తాను మాట్లాడి చూస్తానని, ఇకనుంచైనా ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలని ఆవిడ మంచిమాటగానే చెప్పింది. ఆయన రిజిస్టరు అంచుని వేలితో నిమిరాడు.

“నా కళ్లే తేడా అనుకున్నానండీ మేడమ్. రెండుసార్లు డాక్టరుకి చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు.”

“మరి కనబడటం లేదంటావేంటి?”

“కనబడనిది రాయలేనండీ” అన్నాడాయన. తర్వాత, ఆవిడ మీద ఎదురు మాట్లాడినట్టు అవుతుందేమోనని గొంతు తగ్గించి, “ఎండ అట్టలు ఒకసారి చూడండి. అవి నా మాట వినవు, మీ మాటా వినవు” అన్నాడు.

మబ్బులక్కకి ఒళ్లు మండింది. ఏడు నెలలుగా పైన ఇంత మబ్బు కనబడుతుంటే, తన మాటకి అట్టముక్క సాక్ష్యం కావలసి వచ్చింది ఈయనకి. రిజిస్టరు ఆయన వైపు నెట్టి, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో ఆవిడ భర్త టైలరు. ముందు గదే ఆయన దుకాణం. ఆవిడ వచ్చీరాగానే కిటికీ అద్దం మసకబారిందని, తుడవమని చెప్పింది. ఈ వారంలో ఇది మూడోసారని, తుడిచి తుడిచి అద్దం అరిగి ఆవలి వీధిలో పడేలా ఉందని ఆయన కుట్టుమిషను ఆపకుండానే అన్నాడు. అయినా లేచి తుడిచాడు. ఆవిడ చూసి, ఇప్పుడు కాస్త నయమంది. ఆయన ఆవిడ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.

*

మర్నాడు పదకొండున్నర పరిశీలన అయ్యాక మబ్బులక్క పట్టిక తీసుకుని రికార్డు గదికి వెళ్లింది. ఆ రోజు కూడా ఆకాశం పాలలో పడ్డట్టే ఉంది, ఎనిమిదికి ఎనిమిది. మెట్ల కింద ఉండే ఆ గదికి కిటికీ లేదు. ఎండ తగిలితే కాగితాలు పాడవుతాయని ఉన్న ఒక్క కిటికీనీ ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. తలుపు మూసుకుంటే లోపల పగలూ రాత్రీ ఒకటే. తీగకి వేలాడే ఒక బల్బు, ఇనప అరలు, పాత కాగితం వాసన. వెనకటి ఏళ్ల ఆకాశాలన్నీ అక్కడ పొరలు పొరలుగా పేర్చి ఉన్నాయనిపించేది ఆవిడకి. తాను కడుపుతో ఉన్ననాటి ఆకాశం మూడో అరలో ఉంది, అత్తగారు పోయిన పొద్దుటి ఆకాశం ఐదో అరలో. ఎప్పుడైనా తీసి చదివితే ఆ రోజు గాలి ఒంటికి తగిలినట్టే ఉండేది.

రిజిస్టర్లతో పట్టిక పోల్చడానికి గంట పట్టింది. ఆవిడ తెర మబ్బు రాసిన రోజులు నూట డెబ్బై ఆరు. పట్టికలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. సంతకం పెట్టడానికి పెన్ను తీసింది. అప్పుడు ఒక చిన్న సంగతి కంటబడింది. వారానికి ఒకరోజు ఆవిడకి సెలవు. ఆ రోజుల్లో పొద్దున డ్యూటీ ఇంకెవరో చేస్తారు. ఆ రోజుల్లో ఎక్కడా తెర మబ్బు లేదు. ఆవిడతో పాటు మబ్బు కూడా వారానికోసారి సెలవు తీసుకున్నట్టుంది.

వాళ్లూ చూడ్డం రానివాళ్లే అయ్యుండాలని మొదట అనుకుంది. అందరూ చూడ్డం రానివాళ్లేనా అని తర్వాత అనుకుంది. పెన్ను మూత పెట్టి, ఎండ అట్టల పెట్టె కిందికి దించింది.

మైదానంలో ఒక స్తంభం మీద గాజు గోళం ఉంటుంది. దాని వెనక గంటల గీతలు అచ్చు వేసిన సన్నటి అట్ట దూరుస్తారు. ఎండ గోళంలోంచి పోయి అట్ట మీద ఒక చుక్కగా పడుతుంది. సూర్యుడు కదిలే కొద్దీ ఆ చుక్క అట్టని కాలుస్తూ గీత గీస్తుంది. మబ్బు అడ్డం వస్తే గీత తెగిపోతుంది. తెర మబ్బు లాంటి పలచటిదైతే గీత తెగదు గానీ గోధుమ రంగులో కమిలి ఊరుకుంటుంది. నిర్మలమైన ఎండైతే అట్ట కాలి చిల్లి పడి, రెండో వైపు వెలుగు కనబడుతుంది. పొద్దుగూకాక ఆ అట్ట తీసి తేదీ వేసి దాచడం కొత్తాయన పని.

మబ్బులక్క నూట డెబ్బై ఆరు అట్టల్నీ వరసగా బల్ల మీద పరిచింది. ఒక్కొక్కటీ తీసి పొద్దుటి భాగాన్ని వేలితో తడిమింది. చిల్లి. చిల్లి. చిల్లి. వేలి కొనకి కాలిన అంచు గరుగ్గా తగులుతోంది. మధ్యలో ఒకటి కమిలినట్టు దొరికితే ప్రాణం లేచొచ్చింది. అలాంటివి ఎన్ని ఉన్నాయో వేరు చేసింది. పందొమ్మిది. మిగిలిన నూట యాభై ఏడు రోజులూ సూర్యుడు ఏ అడ్డమూ లేకుండా అట్టని నిలువునా కాల్చేసి వెళ్లాడు. ఒక రోజో పది రోజులో అయితే మబ్బు మరీ పలచనై ఎండ అలా కాల్చిందని సర్దిచెప్పుకోవచ్చు.

మెడ నొప్పెట్టి తల ఎత్తింది. ఎదురుగా బల్బు. బల్బు చుట్టూ గుడి.

చక్కటి గుడి. లేత తెలుపు, అంచున వెలిసిన రంగులు. అలవాటు కొద్దీ ఆవిడ మనసు “తెర మబ్బు, ఎనిమిది” అని రాసేసుకుంది కూడా. ఆ తర్వాత గదిలో మబ్బు ఉండదన్న సంగతి గుర్తొచ్చింది.

లేచి చీర చెంగుతో బల్బుని తుడిచింది. గుడి అలాగే ఉంది. బల్బు ఆర్పి, చీకట్లో సెల్‌ఫోను దీపం వెలిగించి దూరంగా అరలో పెట్టి చూసింది. దానికీ గుడి. కుడి కన్ను మూసింది, కొంచెం తగ్గింది. ఎడమ కన్ను మూసింది, ఇంకా పెద్దదైంది. రెండు కళ్లూ మూసుకుని, ఆ చీకట్లోనే స్టూలు వెతుక్కుని కూర్చుంది.

భయం వేసింది. సిగ్గు భయం కంటే కాస్త ఆలస్యంగా వచ్చింది గానీ వచ్చాక పోలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదని ఎందరి గురించి అనలేదు తను. ఏడు నెలలుగా తాను ముచ్చటపడిన ఆ మెత్తటి వెలుగు, నానిన చెట్లు, కలలాంటి పొద్దులు, ఏవీ ఆకాశంలో లేవు. తాను ప్రేమించింది ఆకాశాన్ని కాదు, తన కళ్లనే. ఒక మనిషి వచ్చి, నాకు కనబడటం లేదు, చూపించండి అని అడిగితే నలుగురిలో నవ్వులపాలు చేసింది. ఆ మనిషి వెళ్లి తన కళ్లు చూపించుకున్నాడు, రెండుసార్లు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాన్ని దాచడం దేనికి. ఈ గదిలో జరిగింది ఎవరికీ తెలియదు. అట్టలు మళ్లీ పెట్టెలో పెట్టేసి, పట్టిక మీద సంతకం చేసేసి, సెలవు పెట్టి కళ్లకి వైద్యం చేయించుకుని వస్తే మబ్బులక్క మబ్బులక్కగానే ఉంటుంది. ఆ ఆలోచనతో ఆవిడ చాలాసేపే కూర్చుంది. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. అట్టల్ని పెట్టెలో పెట్టలేదు. సంతకమూ పెట్టలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్లి భర్త ఎదురుగా కూర్చుంది. కుట్టుపెట్టెలోంచి నల్ల దారం ఒకటి, ముదురు నీలం దారం ఒకటి తీసి బల్ల మీద పెట్టమంది. ఆయన ఎందుకని అడగకుండా పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసి ఒకటి తీసి, ఇది నలుపు అంది. ఆయన తలూపాడు గానీ అది అవుననీ కాదు, కాదనీ కాదు.

“మూడు నెలల కింద నా నల్ల ప్యాంటుకి గుండీ కుట్టావు, గుర్తుందా?” అన్నాడు. “నీలం దారంతో కుట్టావు.”

“అప్పుడే చెప్పచ్చు కదండీ.”

“నీకు కళ్లంటే ప్రాణం. చెప్పబుద్ధి కాలేదు.”

టైలరై ఉండి, నల్ల ప్యాంటు మీద నీలం దారపు గుండీతో ఊరంతా తిరిగాడు ఆ మనిషి. మబ్బులక్కకి ఏడుపొచ్చింది. ఆయన మీద ప్రేమతో సగం, కోపంతో సగం. తన చుట్టూ అందరూ ఇంత మంచివాళ్లు కావడం వల్లే ఏడు నెలలు ఇలా గడిచిపోయాయనిపించింది. మంచితనం చూపించకుండా నిజం చెప్పినవాడు ఒక్కడే, వాడికి తాను కుర్చీ అని పేరు పెట్టింది.

*

మూడో రోజు పొద్దున ఆవిడ పరిశీలనకు వెళ్లలేదు. గాలి, తేమ, పీడనం అన్నీ ఇంకొకర్ని చదవమని చెప్పి నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. అట్టల పెట్టె బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆఫీసరు మొదట నవ్వాడు. తర్వాత లేచి, తలుపు గట్టిగా వేసి వచ్చి కూర్చున్నాడు.

ఆయన చెప్పింది విన్నవాళ్లెవరైనా ఒప్పుకునేంత బాగుంది. శుక్లాలు ఎవరికైనా వస్తాయి, రేపే సెలవు పెట్టండి, చిన్న ఆపరేషను, నెలలో తిరిగొస్తారు. పై ఆఫీసుకి మబ్బు విషయం తేలలేదని రాసేస్తాను. కొత్తాయన్ని స్టోరుకి పంపను, ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఒక చిన్న మందలింపు కాగితం ఇచ్చి ఊరుకుంటాను. మీ పేరూ చెడదు, ఆయన ఉద్యోగమూ పోదు. పాము చావకుండా, కర్ర విరగకుండా అయిపోతుంది.

“ఆయన చేసిన తప్పేంటని మందలింపు?” అని అడిగింది మబ్బులక్క.

ఆఫీసరు అట్టల పెట్టెని కొంచెం పక్కకి జరిపాడు. ఊరికే, ఫైలు మూయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అక్కా అన్నాడు.

ఆవిడకి ఆ దారి ఎంత సుఖంగా కనబడిందంటే, కళ్లు మూసుకుంటే నడిచిపోయేదే. పదిమందికి నేర్పిన మనిషి, తన పాఠం తనకే రాలేదని కాగితం మీద రాసివ్వడం అంత తేలికేమీ కాదు. నీళ్లు అడిగి తాగింది.

“కుర్చీలో కూర్చుని ఆకాశం రాసింది నేనే. ఆయన కాదు” అంది. “ముందు అది కాగితం మీద పెట్టు. ఏడు నెలల రిజిస్టర్లు తెప్పించు.”

రిజిస్టరులో దేన్నీ చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద అడ్డంగా ఒక్క గీత గీసి, కింద ఉన్న అంకె చదవడానికి వీలుగా ఉంచి, పక్కన పొడి అక్షరాలు వేయాలి. కొత్తగా చేరినవాళ్లకి ఆవిడే నేర్పిన పద్ధతి అది. స్కేలు పెట్టి, భూతద్దం పట్టుకుని, మొదటి నెల మొదటి ఎనిమిది మీద గీత గీసింది. దాని స్థానంలో సున్నా రాయలేదు. ఆ రోజు ఆకాశం ఎలా ఉందో తనకి తెలియదు మరి. “నమ్మదగినది కాదు” అని రాసింది. రెండోదాని మీద గీసింది. అట్ట కమిలిన పందొమ్మిది రోజులైనా ఉంచమని ఆఫీసరు బతిమాలాడు. అవీ రాసింది ఈ కళ్లే కదా అని వాటినీ కొట్టేసింది. ఒక్కో ఎనిమిదిని కొట్టేటప్పుడు ఆ పొద్దు గుర్తొచ్చేది. వాన వెలిసిన పొద్దు, చలిలో చేతులు కొంకర్లు పోయిన పొద్దు. ఎంతో అందంగా ఉన్న పొద్దులు. నూట డెబ్బై ఆరో గీత గీసి, లెక్కలో చేరని నిన్నటి ఎనిమిదిని కూడా కొట్టేసి, స్కేలు పక్కన పెట్టేసరికి నాలుగు దాటింది. చూపుడువేలు మీద స్కేలు అంచు గాడి పడింది.

ఆఫీసరు కొత్తాయన్ని పిలిచి సంగతి చెప్పాడు, ఆవిడ ముందే. పట్టికని చింపి చెత్తబుట్టలో వేశాడు. కొత్తాయన వింటూ నిలబడ్డాడు. సంతోషించినట్టూ కనబడలేదు, నిష్ఠూరపడినట్టూ కనబడలేదు. గోడ గడియారం చూసి, అయిదున్నర పరిశీలనకు వేళవుతోందని చెప్పి వెళ్లిపోయాడు. క్షమించమని అడగాలని మధ్యాహ్నం నుంచి కూడబెట్టుకున్న మాటలన్నీ మబ్బులక్క నోట్లోనే ఉండిపోయాయి.

ఆవిడ ఇంటికి వెళ్లాల్సిన వేళ ఎప్పుడో దాటింది. సంచి భుజాన వేసుకుని గేటు దాకా నడిచి, ఆగి, వెనక్కి తిరిగింది. మైదానంలో కొత్తాయన రిజిస్టరు చంకలో పెట్టుకుని తల వంచి గడ్డిని చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. వంద లెక్కపెట్టుకుంటున్నాడు.

దగ్గరికి వెళ్లి, నేను కూడా నిలబడొచ్చా అని అడిగింది. ఆయన లెక్క ఆపకుండానే కొంచెం జరిగి చోటిచ్చాడు. అంత పెద్ద మైదానంలో చోటుకేం తక్కువ, అయినా జరిగాడు. ఆవిడా తల వంచుకుంది. గాలి పడిపోయింది. గడ్డి మీద ఇద్దరి నీడలూ బారుగా, అంచులు కరిగినట్టు పడి ఉన్నాయి. దూరంగా ఎవరో ఎవర్నో పిలిచారు, పిలుపు నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చింది. వంద అయింది. ఇద్దరూ తల ఎత్తారు.

ఆకాశం తెల్లగా ఉంది. వాలిన సూర్యుడి చుట్టూ గుడి ఉంది. ఉంటుంది మరి, ఈ రాత్రి ప్రతి వీధి దీపానికీ ఉంటుంది, ఆపరేషను అయ్యేదాకా ఉంటుంది అనుకుంది మబ్బులక్క. ఇదివరకు ఎంతో ముద్దొచ్చిన ఆ తెలుపుని చూస్తే ఇప్పుడు గుండె బరువెక్కింది.

“నాకు గుడి కనబడుతోంది. నా మాట పట్టించుకోకండి” అంది. “మీకు కనబడింది మీరు రాసుకోండి.”

ఆయన తూర్పు చూశాడు, దక్షిణం చూశాడు, పడమర చూశాడు. ఉత్తరం వైపు చాలాసేపు నిలబడ్డాడు. నడినెత్తిన చూస్తూ మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

“ఉందండీ మేడమ్” అన్నాడు. “గుడి ఉంది. ఆకాశం నిండా తెర మబ్బు ఉంది. మూడింటి నుంచి పడమట కమ్ముకుంటూ వచ్చింది.”

మబ్బులక్క చటుక్కున ఆయన వైపు తిరిగి చూసింది. వెంటనే అనుమానం వచ్చింది. నిన్న భర్త మాట్లాడిన గొంతు, పొద్దున ఆఫీసరు మాట్లాడిన గొంతు చెవుల్లో మెదిలాయి. జాలిపడుతున్నాడు ఈయన కూడా. ఇంత జరిగాక కూడా జాలి.

“నా ముఖం చూసి చెప్పకండి” అంది.

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన గొంతు కాస్త గట్టిగా వినబడింది.

“మీ ముఖం చూసి చెప్పేవాణ్ణయితే ఏడు నెలల కిందే చెప్పేవాణ్ణి మేడమ్.”

బొటనవేలు ఎత్తి సూర్యుడికి అడ్డం పెడితే తేలిపోతుంది. కళ్లు కట్టిన గుడి అయితే దీపం మరుగుపడగానే పోతుంది, మబ్బు కట్టిన గుడి నిలిచి ఉంటుంది. ఎంత తేలికైన పరీక్ష. ఏడు నెలల కింద చేసి ఉంటే ఇదంతా లేదు. ఇంత స్పష్టంగా కనబడుతుంటే పరీక్షెందుకని చెయ్యలేదు. మబ్బులక్క చెయ్యి ఎత్తింది. అది భుజం దాకా లేచింది. పక్కన ఆ మనిషి రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, ఆవిడ పరీక్ష పూర్తి చేసుకునేదాకా ఆగుదామన్నట్టు ఓపిగ్గా నిలబడ్డాడు. రెండేళ్లుగా ఆయన అలా నిలబడుతూనే ఉన్నాడు.

ఆవిడ చెయ్యి దించేసింది.

“రాయండి” అంది.